ఇంటి వీడియో టేపులు – వాని పునరుద్ధరణము

(మహాసభ రెండవనాటి ఉదయము చదువబడిన ఉపన్యాసము)



విద్యార్థి వేతనములను గూర్చియు, వసతిగృహపు రెండవ అంతస్తును గూర్చియు, నూలు ధరలను గూర్చియు పెద్దలు గంభీరముగా ప్రసంగించిన ఈ వేదికపైకి పాత వీడియో క్యాసెట్ల మాటను తెచ్చుటకు మేము కొంత సంకోచించితిమి. కార్యవర్గ సమావేశమున ఈ విషయము ప్రస్తావనకు వచ్చినపుడు ఒక పెద్దమనిషి నవ్వుచు, "పెండ్లి క్యాసెట్లు ఎప్పటినుండి సంఘకార్యములయినవి?" అని యడిగిరి. ఆ ప్రశ్న అడుగదగినదే. దానికి ప్రత్యుత్తరముగానే ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాము. మేమనగా, మన పద్మశాలీయ కుటుంబముల యిండ్లలోని వీడియో టేపులను సేకరించి, కంప్యూటరులోనికి ఎక్కించి, చెడినంతవరకు బాగుచేయు పనిలోనున్న ఉపసంఘమువారము. మాలో ఒకరు టెలివిజను మరమ్మతులలో తల నెరసినవారు. ఒకరు ఉపాధ్యాయినిగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవారు. తక్కినవారు చదువుకొనుచున్న కుఱ్ఱవాండ్రు. శాస్త్రజ్ఞులము కాము. చేతులు కాల్చుకొని నేర్చుకొన్నదే మా విద్య.

నల్లగొండ జిల్లానుండి పూర్వమే భివండికి తరలిపోయిన ఒక కుటుంబమువారు మాకు రెండు క్యాసెట్లు పంపిరి. రెండును 1989వ సంవత్సరమున వారి స్వగ్రామమున జరిగిన ఒకే వివాహమునకు సంబంధించినవి. మొదటిది పట్టణపు స్టూడియోవారు తీసి, కూర్చి, అట్టపై వధూవరుల ఫోటో అతికించి యిచ్చినది. రెండవది గల్ఫునుండి సెలవుపై వచ్చిన పెండ్లికుమార్తె పినతండ్రి, తాను తెచ్చుకొన్న కెమెరాతో సరదాకు తీసినది. దానిపై పేరైనను లేదు. ఇంటివారు మొదటిదానిని పట్టుచీరల నడుమ దాచుకొనిరి. రెండవది బీరువా క్రింది అరలో పడియుండెను. పనికివచ్చునేమో చూడుడని దానిని కూడ చేర్చి పంపిరి.

మొదటి క్యాసెట్టును చూచితిమి. బొమ్మ చక్కగానే యున్నది. కాని స్నాతకము మొదలు అప్పగింతలవరకు ఎక్కడను ఒక్క మనిషి కంఠము వినబడదు. ఆ కాలపు స్టూడియోల అలవాటు మీరెఱుగనిది కాదు. తీసిన టేపును కొట్టునకు కొనిపోయి, అందలి శబ్దమును తుడిచివైచి, ఆ యేటి సినిమా పాటలను చొప్పించి, వధూవరుల ముఖములను తామరపూవులలో నుంచి తిప్పి చూపి యిచ్చెడివారు. అసలు టేపుపై మఱునాడు మఱియొకరి పెండ్లి తీసెడివారు. నాడు మనమందఱమును దానినే గొప్పగా నెంచి డబ్బిచ్చితిమి గాన తప్పు వారిదని మాత్రము చెప్పజాలము. మంత్రము, మేళము, పేరంటాండ్ర పాట, అప్పగింతలవేళ తల్లి యేడ్పు, అన్నియును సినిమా పాటక్రింద మునిగిపోయినవి. అట్లు పోయిన శబ్దమును ఏ యంత్రమును మఱల తీసికొనిరాజాలదు.

రెండవదానిలో బొమ్మ వణకుచున్నది. రంగు ఒకచోట ఎఱ్ఱన, ఒకచోట పచ్చన. కాని శబ్దమున్నది. తలంబ్రాలకు బియ్యము కలుపుచు ఆడువారు పాడిన పాటలున్నవి. పాట మఱచిపోయి నవ్విన నవ్వులున్నవి. పెండ్లి ముగిసిన మఱునాడు, టేపు ఇంకను మిగిలియున్నదని కాబోలు, ఆ పినతండ్రి కెమెరాను మగ్గపు గుంటవైపు త్రిప్పెను. గుంటలో ఆయన తండ్రి కూర్చుండి నేయుచున్నాడు. "ఇటు చూడు నాయినా" అని పిలిచిన ముసలాయన తల యెత్తక, "పోగు తెగుతది, ఆగు" అనెను. తరువాత టేపు ముగియువరకు, నాడె ఆపక, పన్నె చప్పుడు నడుమనే, గంజి ఎంత పలుచగా కాచవలెనో, ఏ ఊరి సంతలో ఎవ్వరు అప్పు పెట్టెడివారో, తన తండ్రి బొంబాయి పోయి ఆఱునెలలకే ఎందుకు తిరిగివచ్చెనో చెప్పుకొనుచు పోయెను. కెమెరాకు చెప్పలేదు, కొడుకునకు చెప్పెను. మన వృత్తిని గూర్చి అచ్చైన పుస్తకములు మేము కొన్ని చదివితిమి. ఆ ముసలాయన చెప్పిన మాటలు వానిలో లేవు.

నాటి పెండ్లికుమార్తె నేడు భివండిలో మనుమలనెత్తిన గృహిణి. బాగుచేసిన ప్రతిని పంపిన వారమునకు ఆమె ఫోను చేసెను. తాతగారి సంగతి ఎత్తనేలేదు. ఆ పెండ్లి జరిగిన మూడవయేట ఆమె తల్లి గతించినదట. ఆ తల్లి కంఠము ఎక్కడను మిగిలియుండదని ఇంటివారనుకొనిరట. బియ్యము కలుపుచు పాడినది ఆ తల్లియే. చాలసేపటికి ఆమె మమ్మొక్క ప్రశ్న అడిగెను: "అసలు టేపు ఇంక ఎన్నొద్దులు ఉంటది?"

ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పవలెనన్న టేపు ఎట్లు చేయబడినదో కొంత చెప్పవలసియున్నది. మన యిండ్లలో మిక్కిలిగా కనబడు వీహెచ్ఎస్ క్యాసెట్టులోని టేపు అరంగుళము వెడల్పు గలది. మూడుగంటల క్యాసెట్టులో దాని పొడవు సుమారు 250 మీటర్లు. సన్నని పాలిస్టరు పట్టీమీద ఇనుప తుప్పు జాతి రేణువులను ఒక విధమైన జిగురుతో పూసి, వానిని అయస్కాంతశక్తిచే ఒకరీతిగా నిలిపిన అదియే బొమ్మ, అదియే శబ్దము. ఆ జిగురు పాలియురెథేను అను పదార్థము. మనవారికి ఇది తేలికగా బోధపడును. వీధిలో పడుగు సాగదీసి గంజి పట్టించువారెవ్వరైనను ముసురు పట్టిన దినమున ఆ పని పెట్టుకొందురా? తడిగాలికి గంజి ఆరదు. జిగటయై పోగును పోగుకు అంటించును. టేపుమీది జిగురు గతియు ఇంచుమించు అట్టిదే. ఏండ్ల తరబడి గాలిలోని తేమను పీల్చి అది విడివడును. అపుడు టేపు యంత్రములో నడువక కీచుమని అంటుకొనును, లేదా పొడియై రాలును. ఆ రాలిన పొడియే బొమ్మ. చీరాల, ముంబయి, భివండి వంటి తేమగల తావులలో ఈ బెడద హెచ్చు. గద్వాల, షోలాపురములలో తేమ తక్కువయైనను, రేకులక్రింది అటకమీది వేడి ఆ కొఱత తీర్చుచున్నది.

అయినను భయపెట్టుట మా ఉద్దేశము కాదు. పొడిగానున్న అరలో, నిలువుగా నిలిపియుంచిన క్యాసెట్లు ముప్పదియైదేండ్లు గడచినను చక్కగా ఆడినవి మేము చూచితిమి. ఆ భివండివారి టేపు అట్టిదే. అసలు చిక్కు టేపునకంటె యంత్రమునకు వచ్చినది.

జపానునందు సోనీవారు బీటామాక్సును 1975లోను, జేవీసీవారు వీహెచ్ఎస్‌ను 1976లోను వెలువరించిరి. మన దేశమున 1982వ సంవత్సరపు ఢిల్లీ ఆసియా క్రీడలతో రంగుల టెలివిజను వచ్చెను. ఆ వెనుకనే వీడియో వచ్చెను. గల్ఫునుండి సెలవుపై వచ్చువాని పెట్టెలో యంత్రమున్నదా లేదా అని ఊరంతయు తొంగిచూచిన దినములు మీలో పలువురకు జ్ఞాపకముండును. 2016 జూలైలో, అప్పటికి ఆ యంత్రములను చేయుచున్న కడపటి సంస్థగా పేర్కొనబడిన జపాను ఫునాయీవారు కూడ తయారీ నిలిపివేసిరి. కనుక నేడు పనిచేయుచున్న ప్రతి యంత్రమును పాతదే. దానిలో ఒక చిన్న లోహపు డోలు నిమిషమునకు 1500 మార్లు తిరుగుచు, పడుగువలె సాగిపోవు టేపుపై ఏటవాలుగా గీతలు చదువును. సెకనునకు 50 గీతలు, గీతకొక అరబొమ్మ. ఆ డోలులోని తలలు అరగినను, రబ్బరు చక్రము గట్టిపడినను, కొత్తవి దొరకవు. ఒక చచ్చిన యంత్రమునుండి తీసి మఱియొకదానికి పెట్టవలసినదే. ఆ పని తెలిసిన మెకానిక్కులును వృద్ధులగుచున్నారు. యునెస్కోవారును, ధ్వనిచిత్ర భాండాగారముల అంతర్జాతీయ సంఘమువారును కలిసి 2019లోనే అయస్కాంత టేపులను గూర్చి ప్రపంచమునకు హెచ్చరిక చేసిరి. పెద్ద పెద్ద భాండాగారముల వారికే యంత్రములు దొరకని దినములు వచ్చుచుండగా మన అటకలమీది క్యాసెట్ల మాట చెప్పనేల?

ఇచ్చట ఒక చిన్నమాట. అమెరికాలోని మనవారు తమ పిల్లల పుట్టినరోజులు తీసి తాతలకు పంపిన క్యాసెట్లు కొన్ని, ఇక్కడి యంత్రములలో గీతలుగా కనబడినవని పాడైనవాని లెక్కలో పడినవి. అవి పాడుకాలేదు. మన దేశపు పద్ధతిలో బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. అమెరికా పద్ధతిలో 525 గీతలు, సెకనుకు సుమారు 30 బొమ్మలు. యంత్రమునకు ఆ భాష రాకపోవుటయే దోషము. రెండు పద్ధతులును తెలిసిన యంత్రము మాయొద్ద నున్నది. అట్టివాని నెవ్వరును పారవేయకుడు.

పారవేయుట యనిన మఱియొకటి జ్ఞాపకమునకు వచ్చుచున్నది. 2000వ సంవత్సరము ప్రాంతమున కొట్టు కొట్టునను "క్యాసెట్టును సీడీ చేయబడును" అని బోర్డులు వ్రేలాడెను. పలువురు అట్లు చేయించుకొని, టేపును పాత సామానులవానికి వేసిరి. ఆ వీసీడీలో బొమ్మ కొలత 352 చుక్కలు, 288 వరుసలు మాత్రమే. టేపునుండి పూర్తిగా ఎక్కించినపుడు వచ్చు కొలతలో అది నాలుగవ వంతు. పైగా ఆ డిస్కులు కొన్ని పైపూత లేచి ఇప్పుడు తెఱచుకొనుటయే లేదు. సీడీ యున్నది గదా యని టేపును విడువరాదు. రెండును మిగిలియున్న యింటివారు రెండును తెండు; టేపు పోయినవారు సీడీనే తెండు, ఉన్నంతలో చూతము.

ఇక మా తప్పొకటి మనవి చేసికొనవలెను. పని మొదలుపెట్టిన మొదటి వర్షాకాలమున, ఒక క్యాసెట్టు కిటికీలో చుట్టపై తెల్లని పొడివంటిది కనబడినను, దుమ్మనుకొని యంత్రములో పెట్టితిమి. అది బూజు. అర నిమిషములో బొమ్మ మూసికొనిపోయెను. అంతటితో ఆగినను బాగుండెడిది. యంత్రము తుడిచితిమనుకొని, వేఱొక యింటివారి క్యాసెట్టును వెంటనే ఎక్కించితిమి. డోలుకు పట్టిన ఆ జిడ్డు టేపును పట్టి లాగి నలిపివైచెను. ఒక నామకరణములో కొన్ని నిమిషములు, బిడ్డ చెవిలో మేనత్త పేరు చెప్పు ఘట్టముతో సహా, పోయినవి. ఆ యింటివారు మమ్మొక్క మాటయు అనలేదు. తిట్టియున్న ఇంతకంటె తేలికగా నుండెడిది.

ఆనాటినుండి మా పద్ధతి మార్చుకొంటిమి. క్యాసెట్టు రాగానే మొదట చూచుట, వాసన చూచుట. పిదప వెన్నునున్న చిన్న ప్లాస్టిక్కు పలుకు విఱిచివేయుట. అది విఱిగిన క్యాసెట్టుపై యంత్రము మఱల ఏమియు వ్రాయదు. (ఒక యింట ఉపనయనముపై దూరదర్శను రామాయణము ఎక్కియున్నది. రామాయణము ఎక్కడనైనను దొరకును.) బూజు కనబడినదానిని సంచిలో కట్టి వేఱుగా నుంచి, బాగుగా ఆరనిచ్చి, దానికొఱకే ప్రత్యేకించిన యంత్రముపై శుభ్రపఱచుచున్నాము. ప్రతి టేపునకు ముందును డోలును శుద్ధమైన ఆల్కహాలుతో తుడుచుచున్నాము. మీకు మా ప్రార్థన యేమనగా, ఇరువది యేండ్లు మూలనున్న క్యాసెట్టును, "ఆడునో లేదో చూతము" అని అటకమీదనే యున్న పాత యంత్రములో మాత్రము పెట్టకుడు. చాల టేపులు ఆ ఒక్క పరీక్షలోనే పోయినవి.

వరదలలో తడిసిన టేపులను గూర్చియు అడుగుచున్నారు. 2009 అక్టోబరు వరదలో కర్నూలునందును, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినపుడు విజయవాడయందును తడిసిన యిండ్లలో మనవారివియు కలవు. తడిసిన టేపును ఎండలో పెట్టరాదు, పొయ్యి దగ్గఱ నుంచరాదు. వేడికి పట్టీ ముడుచుకొనును. బురద టేపుపై ఎండి గట్టిపడక ముందే శుద్ధజలముతో కడిగి, చల్లని తావున గాలికి ఆరనీయవలెను. ఆ పని తెలిసినవారి చేతికి ఎంత త్వరగా చేరిన అంత మేలు.

ఎక్కించుటలో దగ్గఱిదారి లేదు. మూడుగంటల టేపునకు మూడుగంటలు పట్టును. ఆ మూడుగంటలును ఒక మనిషి ప్రక్కన కూర్చుండవలెను. టేపు సాగి వణకు బొమ్మను వరుసకు వరుస సరిపఱచు సాధనమొకటి నడుమ నుండును. దానిని దాటి కంప్యూటరునకు వచ్చిన బొమ్మను, అందేమియు పోనీయకుండ, పూర్తిగా భద్రము చేయుచున్నాము. ఇట్లు చేసిన గంటకు సుమారు 30 గిగాబైట్ల తావు పట్టును. ఫోనులో చూచుకొనుటకు దీనినుండి చిన్న ప్రతి వేఱుగా తీసి యిత్తుము. చిన్న ప్రతి చాలదా, పెద్దది దండుగ గదా యని కొందఱు పోషకులు మమ్మడిగిరి. చిన్నదానినుండి మఱల పెద్దది రాదు గాన చాలదు. పెద్దప్రతిని రెండు డిస్కులలో, రెండు ఊళ్లలో నుంచుచున్నాము; మూడవది ఇంటివారికి. శబ్దము విషయమున ఒక అదృష్టము కూడ కలదు. హైఫై కెమెరాతో తీసిన టేపులలో శబ్దము రెండుచోట్ల నుండును: అంచున ఒకటి, బొమ్మ క్రింద ఒకటి. స్టూడియోవారు ఆ టేపుమీదనే అంచు శబ్దమును తుడిచి పాట చొప్పించియున్న, బొమ్మ క్రిందిది ఒక్కొక్కప్పుడు చెక్కుచెదరక యుండును. అందుచే రెండును విని చూచుచున్నాము.

ఇక పునరుద్ధరణమునందు చేయదగినవి, చేయరానివి. రంగు తప్పినదానిని సరిచేయవచ్చును, వణకును తగ్గింపవచ్చును, దీపాల తీగెనుండి వచ్చు హోరును శబ్దమునుండి చాలవఱకు తీయవచ్చును. ఇవి మురికి బట్టను ఉదికినట్టి పనులు. ఇటీవల కృత్రిమ మేధ అను పేర వచ్చిన సాధనములు దీనిని మించిపోయినవి. వీహెచ్ఎస్ టేపులో బొమ్మ అడ్డముగా 240 గీతల సూక్ష్మతకు మించదు. దూరమున నిలిచినవాని ముఖము నాలుగు మచ్చలే. ఆ సాధనము ఆ మచ్చలను చూచి, తానెఱిగిన లక్షల ముఖములనుండి ఒక ముఖమును ఊహించి అక్కడ నిలుపును. అది చూచుటకు మిక్కిలి సొంపుగా నుండును.

మా కుఱ్ఱవాండ్రలో ఒకరు పోచంపల్లివారి టేపునకు ఈ సాధనమును ప్రయోగించిరి. అందొక అవ్వ, పోగులకు ముడులు కట్టి రంగులలో ముంచి నేసిన చిటికి పని చీర కట్టుకొని యున్నది. ఆ పనిలో పూవు అంచు కత్తితో కోసినట్లుండదని మీకు మేము చెప్పవలెనా? రంగు పోగు వెంబడి కొంచెము ప్రాకి, అంచు మసకగా నూగువలె నుండును. చేతిపని యనుటకు అదియే గుఱుతు. యంత్రము ఆ మసకను టేపు చెడుగుగా భావించి, అంచులను సూటిగా దిద్ది, అచ్చుగుడ్డ చేసి పెట్టెను. అవ్వ నోట లేని పలువరుస కూడ అమర్చెను. పిల్లలు సంతోషించిరి. ఆ అవ్వ కోడలు, తానును ఎనుబది దాటినది, కొంతసేపు చూచి, "చీర మాది కాదు. మా అత్త గూడ కాదు" అని లేచిపోయెను. నాటినుండి ముఖములను, బట్టలను దిద్దు పని మేము మానుకొంటిమి. ఇంటివారెవ్వరైన కోరినచో వేఱు ప్రతిలో, "దిద్దినది" అని పైన వ్రాసి యిత్తుము. అసలు ప్రతిని మాత్రము ముట్టము.

ఆ పోచంపల్లి టేపులోనే ఆ అవ్వ ఆసు పోయుచుండుట కొన్ని నిమిషములు కలదు. అరవంక మేకులచుట్టు దారమును చేతితో త్రిప్పుచు, చీరకు కొన్ని వేలమార్లు భుజమాడించు ఆ పని మన ఆడువారి యెముకలను ఎట్లరగదీసెనో మీరెఱుగుదురు. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశము గారు తల్లి బాధ చూడలేక 1999లో ఆసు యంత్రమును నిర్మించిరి. 2017లో పద్మశ్రీ పొందిరి. చేతి ఆసు తగ్గుచుండుట మేలే. కాని ఆ తల్లులేమి భరించిరో చూపుటకు ఇట్టి టేపులు తప్ప వేఱేమి కలదు?

పోషక మహాశయులకు ప్రత్యేకముగా ఒక విన్నపము. 1980ల నాడు కెమెరా గలవాడు, స్టూడియోవారిని పిలిపింపగలవాడు ఎవ్వడు? షావుకారు, మిల్లు భాగస్థుడు, విదేశమునుండి వచ్చినవాడు. కూలి నేసిన వాని యింట క్యాసెట్టు లేదు. కాని షావుకారు గారి కుమార్తె వివాహమున వంటసాలలోను, పందిటి క్రిందను, పంక్తి చివరను వాడున్నాడు; వాని భార్యయు బిడ్డలును ఉన్నారు. వారి ముఖములు మిగిలియున్నది మీ క్యాసెట్లలోనే. మా యింటి శుభకార్యము మీకేల యని కొందఱు బీరువా తాళము తీయుటకు వెనుదీయుచున్నారు. క్యాసెట్టు మీదే. అందున్నవారందఱు మీవారు మాత్రమే కారు. సంఘకార్యమెట్లగునని యడిగిన పెద్దమనిషికి మా ఉత్తరమిదియే.

సోలాపురమునందు ఒక యింట ఇట్లు చూచుచుండగా, పంక్తిలో వడ్డించుచున్న మనిషిని చూచి, తోడుగా వచ్చిన మగ్గపు కార్మికుడొకడు బొమ్మను ఆపుమనెను. అది అతని తండ్రి. ఆయన ఫోటో ఒక్కటియు ఇంటలేదట. అతనికి ఆ పదునొకండు సెకనుల ముక్కను కోసి యిచ్చితిమి.

అందుచే ఎక్కించుటతో పని ముగియదు. పేర్లు వ్రాయుట అంతకంటె పెద్ద పని, త్వరపడవలసిన పని. బొమ్మను పాతికేండ్ల తరువాతనైనను బాగుచేయువారు రావచ్చును. అందున్నవారెవ్వరో చెప్పగల ముసలివారు అప్పటికుండరు. ఉపాధ్యాయినిగారు ఇంటి పెద్దలను కూర్చుండబెట్టి, ఒక్కొక్క ముఖమువద్ద ఆపి, ఎన్నవ నిమిషమున ఎవ్వరు, ఇంటిపేరేమి, ఏ ఊరు, ఏమి వరుస అని పుస్తకమున వ్రాయుచున్నారు. ఇట్లు అడుగునపుడు మనవారు తమవారి పేర్లు గడగడ చెప్పి, తక్కినవారిని "ఎవరో" అని దాటిపోవుదురు. మనది కులసంఘమే. అయినను డప్పు వాయించినవారు, సన్నాయి ఊదినవారు, దారిలో బట్టలు పరచినవారు, వంటవారు లేకున్న ఆ పెండ్లి లేదు గదా! వారి పేర్లును అడిగి వ్రాయుచున్నాము. వారి యింటివారు అడిగినచో ప్రతులు వారికిని ఇచ్చుచున్నాము. మిక్కిలి తఱచుగా దొరకని పేరు దీపము పట్టుకొన్న పిల్లవానిది. స్టూడియోవాని వెంట వేడి లైటు మోయుచు తెల్లవార్లు నిలిచిన ఆ పిల్లవాడు ఎప్పుడో ఒక అద్దములో, ఒక ఇత్తడి బిందెమీద క్షణకాలము కనబడును. ఏ యింటివారును అతనిని చెప్పలేకపోయిరి.

ఆడువారి మర్యాదను గూర్చి ఒక నియమము పెట్టుకొంటిమి. ఇంటి టేపులోని యే భాగమునైనను, అందున్నవారి యనుమతి లేక వాట్సాపు గుంపులలో వేయరాదు, సభలో ప్రదర్శింపరాదు. ఒకమారు, వివాహమై కొన్ని యేండ్లకు విడిపోయిన దంపతుల టేపు వచ్చెను. వరుని అన్న తెచ్చెను. వధువు తమ్ముడు అడ్డుచెప్పెను. ఇద్దఱును సంఘ పెద్దలే గాన ఇరుప్రక్కలనుండి మాపై ఒత్తిడి వచ్చెను. మేము ఆమెనే అడిగితిమి. "పెండ్లి నాకు వద్దు. అండ్ల మా నాయిన ఎదురుకోళ్లకు నడిచివచ్చుడు ఉన్నది. అది ఒక్కటి ఇయ్యుండ్రి" అని యామె చెప్పెను. అట్లే చేసితిమి. తక్కినదానిని మూసి, ఆమె పేర భద్రపఱచితిమి. ఆమె మాట లేక తెఱువము.

నేటి మధ్యాహ్నము మొదలు రేపు సాయంకాలమువరకు భోజనశాల ప్రక్క గదిలో మా బల్ల యుండును. క్యాసెట్లు తెచ్చినవారు అచ్చట చూపుడు. రుసుము లేదు, డిస్కు ఖరీదు ఇయ్యగలవారు ఇత్తురు, లేనివారు మానుదురు. రసీదు వ్రాసి, క్యాసెట్టుపై గుఱుతు వేసి, పని కాగానే అసలు టేపును మీకే తిరిగి యిత్తుము. తిరిగి యిచ్చినదానిని పారవేయక నిలువుగా, పొడితావున నుంచుడు.

మఱియొకటి. క్రిందటి మహాసభలో ఎవ్వరో మా బల్లపై ఒక క్యాసెట్టును విడిచిపోయిరి. పేరు లేదు, అట్ట లేదు. దానిని ఎక్కించి చూచితిమి. ఒక సన్నని వీధి. వీధి పొడవునను పడుగు సాగదీసి గంజి పెట్టుచున్నారు. నలుగురు మగవారు, ఇద్దఱాడువారు. చివర నీలిరంగు తలుపు గల యిల్లు. బడిసంచితో ఒక పిల్లవాడు పడుగు క్రిందనుండి వంగి పరుగెత్తగా, కెమెరా వెనుకనుండి ఒక స్త్రీ "మెల్లగారా, పోగులు!" అని కేకవేయుచున్నది. ఆ బొమ్మలను అచ్చు తీసి గది వాకిట అంటించితిమి. ఆ వీధిని, ఆ నీలితలుపును ఎఱిగినవారెవ్వరైన నున్న, భోజనమునకు పోవుచు ఒక్కమారు నిలిచి చూచి మాకు తెలుపవలెనని కోరుచున్నాము.